బ్యాంకింగ్, ప్రాజెక్ట్ ఫైనాన్స్ లాయర్లకు మార్కెట్ ఎలా ఉంది? ముంబై వెళ్లక తప్పదా?

అడిగినవారు వరంగల్‌లో ప్రాక్టీస్ చేస్తున్న యువ అడ్వకేట్. రెండు ప్రభుత్వ బ్యాంకుల ప్యానెల్‌లో ఉండి హోమ్ లోన్లకు, ఎంఎస్‌ఎంఈ లోన్లకు లీగల్ ఒపీనియన్లు రాస్తున్నారు. ప్రాజెక్ట్ ఫైనాన్స్ (రోడ్లు, విద్యుత్ ప్లాంట్ల లాంటి పెద్ద ప్రాజెక్టులకు ఇచ్చే అప్పులు) వైపు వెళ్లాలని ఉంది. ఆ పనికి గిరాకీ ఎంత, ఫీజులు ఎలా ఉంటాయి, పెద్ద ఫర్మ్‌లో చేరడానికి ముంబై వెళ్లక తప్పదా, ఇప్పటిదాకా చేసిన టైటిల్ పని (ఆస్తి హక్కు ఎవరిదో రికార్డులు చూసి తేల్చడం) అక్కడ ఎందుకైనా పనికొస్తుందా అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా లెండర్ల (అప్పిచ్చే బ్యాంకులు, సంస్థల) తరఫున ఈ పనే చేస్తున్నాను, కొంతకాలం ఒక బ్యాంకు లోపల కూడా చేశాను. కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

బ్యాంకులకు చేసే లీగల్ పని అంతా ఒకే మార్కెట్ కాదు. మీరు చేస్తున్న ప్యానెల్ పని ఒకటి. ఒక్కో ఒపీనియన్‌కు బ్యాంకు నిర్ణయించిన రేటు వస్తుంది, ఫైళ్లు ఎన్ని వస్తే అంత ఆదాయం. రెండోది రికవరీ: డీఆర్‌టీలో (బ్యాంకు బాకీల వసూలు ట్రిబ్యునల్) ఓఏలు అంటే వసూలు దరఖాస్తులు, సర్ఫేసీ (తాకట్టు ఆస్తిని బ్యాంకే స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం) కింద 13(2), 13(4) నోటీసులు, సెక్షన్ 14 పిటిషన్లు, ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీ లా ట్రిబ్యునల్) దివాలా కేసులు. ఇది కోర్టు పని. హైదరాబాద్, విశాఖల్లో డీఆర్‌టీలు, హైదరాబాద్, అమరావతి ఎన్‌సీఎల్‌టీ బెంచ్‌లు ఉన్నాయి కాబట్టి మన దగ్గర ఈ పనికి కొదవ లేదు. మూడోది కార్పొరేట్ లోన్ల డాక్యుమెంటేషన్. నాలుగోది ప్రాజెక్ట్ ఫైనాన్స్. ఈ నాలుగింటికీ క్లయింటు బ్యాంకే అయినా ఫీజు, నైపుణ్యం, పోటీ పూర్తిగా వేరు.

ప్రాజెక్ట్ ఫైనాన్స్‌లో ఉన్న తేడా అంతా ఒక్క విషయంలో ఉంది. మామూలు కార్పొరేట్ లోన్‌లో బ్యాంకు కంపెనీ బ్యాలెన్స్ షీట్ చూస్తుంది. ఇక్కడ అప్పు తీసుకునే ఎస్‌పీవీకి చూపించడానికి బ్యాలెన్స్ షీటే ఉండదు. రోడ్డు వేయడం కోసమో, సోలార్ ప్లాంటు కోసమో కొత్తగా పెట్టిన కంపెనీ అది. అప్పు తీరాల్సింది రేపు రాబోయే టోల్‌తోనో, యాన్యుటీతోనో (ప్రభుత్వం విడతలుగా ఇచ్చే చెల్లింపు), కరెంటు బిల్లులతోనో. ఆ డబ్బు వచ్చే హక్కు కన్సెషన్ అగ్రిమెంట్‌లోనో (ప్రాజెక్టు కట్టి నడిపే హక్కును ప్రభుత్వం ఇచ్చే ఒప్పందం), పీపీఏలోనో (కరెంటు కొనుగోలు ఒప్పందం) ఉంటుంది. అంటే బ్యాంకుకు నిజమైన సెక్యూరిటీ ఒక కాంట్రాక్టు. కాంట్రాక్టు గట్టిదో కాదో చెప్పాల్సింది లాయరే. ఈ రంగంలో లాయర్ మాటకు బరువు అందుకే ఎక్కువ.

ఒక డీల్‌లో సాధారణంగా లెండర్ల తరఫున ఒక ఫర్మ్ ఉంటుంది, దాన్ని ఎల్‌ఎల్‌సీ (లెండర్స్ లీగల్ కౌన్సెల్) అంటారు. డెవలపర్‌కు వేరే కౌన్సెల్ ఉంటారు. టెక్నికల్ విషయాలు చూడటానికి లెండర్ల ఇండిపెండెంట్ ఇంజినీర్, సెక్యూరిటీ పట్టుకోవడానికి సెక్యూరిటీ ట్రస్టీ. ఎల్‌ఎల్‌సీ చేసే పని శాంక్షన్ లెటర్ దగ్గర మొదలై కామన్ లోన్ అగ్రిమెంట్, ఇంటర్ క్రెడిటర్ అగ్రిమెంట్ (లెండర్ల మధ్య ఒప్పందం), టీఆర్‌ఏ అగ్రిమెంట్ (ప్రాజెక్టు డబ్బంతా ఒకే ఖాతా ద్వారా నడిచే ఏర్పాటు), సబ్‌స్టిట్యూషన్ అగ్రిమెంట్ (డెవలపర్ విఫలమైతే ఇంకో కంపెనీని తెచ్చే హక్కు), షేర్ల ప్లెడ్జ్, హైపోథికేషన్ (చరాస్తుల తాకట్టు), మార్ట్‌గేజ్ మీదుగా సీపీల (డబ్బు విడుదలకు ముందు తీరాల్సిన షరతుల) లిస్టు పూర్తయ్యేదాకా సాగుతుంది. తర్వాత ఆర్‌ఓసీలో (కంపెనీల రిజిస్ట్రార్) ఛార్జ్ ఫైలింగ్, సెర్సాయ్ (తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్. మొదటి డిస్‌బర్స్‌మెంట్ (డబ్బు విడుదల) ముందు వారం టెన్షన్ ఎలా ఉంటుందో ఈ పని చేసిన వాళ్లందరికీ తెలుసు.

ఇక ఫీజుల సంగతి. మార్కెట్ ఎందుకిలా తయారైందో దీన్నిబట్టే తెలుస్తుంది. ఎల్‌ఎల్‌సీని ఎంచుకునేది బ్యాంకు, ఫీజు కట్టేది బారోవర్ (అప్పు తీసుకునేవాడు). బ్యాంకు కొటేషన్లు అడుగుతుంది. ప్రభుత్వ బ్యాంకులు చాలాసార్లు తక్కువ చెప్పినవాళ్లకే ఇస్తాయి, ఎందుకంటే ఆడిట్‌లో ఆ నిర్ణయాన్ని సమర్థించుకోవడం తేలిక. అవర్లీ రేటు దాదాపు ఉండదు, అంతా లంప్‌సమ్. డీల్ రెండు నెలల్లో ముగిసినా ఏడాది లాగినా అదే మొత్తం. దీంతో పోటీ అంతా ధర మీదే జరుగుతోంది. తక్కువకు తీసుకున్న ఫర్మ్ గిట్టుబాటు కోసం పాత డీల్ డ్రాఫ్ట్ తీసి పేర్లు మార్చి పంపిస్తుంది. డాక్యుమెంట్లు చూడటానికి బాగానే ఉంటాయి. ఆ ప్రాజెక్టుకు ప్రత్యేకంగా ఉన్న ప్రమాదం మాత్రం ఎవరి కంటా పడదు. బ్యాంకుల్లో ఉన్నది జనం డిపాజిట్లు. వేల కోట్ల అప్పులో కొన్ని లక్షలు ఆదా చేయడానికి డ్యూ డిలిజెన్స్‌ను (అప్పివ్వడానికి ముందు చేసే పరిశీలన) పలుచన చేయడం నాకు ఎన్నడూ సమ్మతం కాలేదు. బ్యాంకులో ఉన్నప్పుడూ ఇదే చెప్పాను, ఇప్పుడూ ఇదే చెప్తున్నాను.

పెద్ద ఫర్మ్‌ల పేర్లు మీకు తెలిసే ఉంటాయి. 2015లో పాత అమర్‌చంద్ ఫర్మ్ విడిపోయి వచ్చిన సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, శార్దూల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, ఇంకా ఖైతాన్, ఏజెడ్‌బీ, ట్రైలీగల్, జేఎస్‌ఏ. బ్యాంకింగే ప్రధానంగా చేసే ఎస్‌ఎన్‌జీ, జ్యూరిస్ కార్ప్ లాంటివీ ఉన్నాయి. ఛాంబర్స్, లీగల్ 500, ఐఎఫ్‌ఎల్‌ఆర్ 1000 లాంటి డైరెక్టరీలు ఏటా ర్యాంకులు ఇస్తాయి. వాటిని చూడండి, కానీ అతిగా నమ్మకండి. ఆ ర్యాంకులకు ఆధారం ఫర్మ్‌లు స్వయంగా పంపే డీల్ వివరాలు, క్లయింట్ల అభిప్రాయాలు. ఏ టీమ్‌లో జూనియర్‌కు పని నేర్పుతారో, ఎక్కడ రాత్రంతా సీపీ చెక్‌లిస్టుకే పరిమితం చేస్తారో అవి చెప్పవు. ఆ సంగతి అక్కడ పనిచేసి బయటికి వచ్చినవాళ్లనే అడగాలి.

గిరాకీ గురించి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 2003 నుంచి దాదాపు పదేళ్లు ఈ దేశంలో బ్యాంకులు విద్యుత్తుకు, రోడ్లకు, టెలికాంకు విపరీతంగా అప్పులిచ్చాయి. అందులో తెలుగు ప్రమోటర్ల వాటా తక్కువేమీ కాదు: జీఎంఆర్, జీవీకే, ల్యాంకో అన్నీ తెలుగువాళ్లు పెట్టినవే. గోదావరి జిల్లాల్లో వేమగిరి, జేగురుపాడు, ఇటు కృష్ణాలో కొండపల్లి గ్యాస్ ప్లాంట్లు గుర్తు తెచ్చుకోండి. కేజీ డీ6 (కృష్ణా గోదావరి బేసిన్) గ్యాస్ వస్తుందన్న నమ్మకంతో విస్తరించిన కెపాసిటీ, ఆ ఉత్పత్తి పడిపోయాక పనిలేకుండా నిలబడిపోయింది. 2012లో సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులు రద్దు చేసింది, 2014లో 204 బొగ్గు బ్లాకులు పోయాయి. తర్వాత మొండి బకాయిలు, 2016లో ఐబీసీ (దివాలా చట్టం). ఆర్‌బీఐ 2017లో దివాలాకు పంపమన్న తొలి 12 ఖాతాల్లో ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ ఒకటి. 2018 ఆగస్టులో హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీ దాన్ని లిక్విడేషన్‌కు పంపింది. అన్నాళ్లూ ప్రాజెక్ట్ ఫైనాన్స్ లాయర్లకు కొత్త డీల్స్ తగ్గి, రీస్ట్రక్చరింగ్ (పాత అప్పు షరతులు మార్చడం), దివాలా పని పెరిగింది. ఈ రంగంలో పని పూర్తిగా ఆగిపోయిన రోజు లేదు, రూపం మారుతుందంతే. అందుకే లోన్ డాక్యుమెంట్లు రాసేవాళ్లకు ఐబీసీ, ఐబీసీ కేసులు చేసేవాళ్లకు లోన్ డాక్యుమెంట్లు తెలిసి ఉండాలి.

ఒకే ప్రాజెక్టు లాయర్లకు ఎన్నిసార్లు పని ఇస్తుందో చూడాలంటే హైదరాబాద్ మెట్రోను మించిన ఉదాహరణ మనకు దొరకదు. మొదటి విడత బిడ్ గెలిచిన కన్సార్షియం కాంట్రాక్టు 2009లో రద్దయింది. 2010 సెప్టెంబర్‌లో ఎల్ అండ్ టీతో కన్సెషన్ ఒప్పందం. 2011లో ఎస్‌బీఐ నాయకత్వంలో పది బ్యాంకులు కలిసి దాదాపు 11,480 కోట్ల రూపాయలకు ఫైనాన్షియల్ క్లోజర్ (అప్పు ఏర్పాటు ఖరారు) చేశాయి. 2017 నవంబర్‌లో రైళ్లు నడిచాయి. కోవిడ్ తర్వాత బ్యాంకు అప్పును ఎన్‌సీడీలు (కంపెనీ బాండ్లు), కమర్షియల్ పేపర్లతో (స్వల్పకాలిక అప్పు పత్రాలు) రీఫైనాన్స్ చేశారు. 2025 సెప్టెంబర్‌లో దాదాపు 13,000 కోట్ల అప్పుతో సహా ప్రాజెక్టును తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. బిడ్, కన్సెషన్, కన్సార్షియం లోన్, బాండ్లు, టేకోవర్: ప్రతి మలుపులోనూ కొత్త డాక్యుమెంట్లు, కొత్త నెగోషియేషన్, కొత్త ఒపీనియన్లు.

ఇప్పటి డీల్స్‌లో ఎక్కువ పని రెండు చోట్ల ఉంది. ఒకటి హైబ్రిడ్ యాన్యుటీ రోడ్లు: నిర్మాణ ఖర్చులో 40 శాతం ప్రభుత్వం పని జరుగుతుండగా ఇస్తుంది, మిగతా 60 శాతం డెవలపర్ తెచ్చుకుని, పూర్తయ్యాక యాన్యుటీల రూపంలో రాబట్టుకుంటాడు. రెండోది సోలార్, విండ్, పంప్డ్ స్టోరేజ్ (నీటిని పైకి ఎత్తిపోసి కరెంటు నిల్వ చేసే ప్లాంట్లు). నంద్యాల జిల్లా పిన్నాపురం ప్రాజెక్టు పేరు మీరు వినే ఉంటారు. పీఎఫ్‌సీ, ఆర్‌ఈసీ, ఐఆర్‌ఈడీఏ, 2021 చట్టంతో వచ్చిన నాబ్‌ఫిడ్ ఈ రంగంలో పెద్ద లెండర్లు. బ్యాంకుల దగ్గరే కాకుండా వీటి ప్యానెళ్లలోకి కూడా ప్రయత్నించవచ్చు.

2025 జూన్‌లో ఆర్‌బీఐ ప్రాజెక్ట్ ఫైనాన్స్ డైరెక్షన్స్ ఇచ్చింది, అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. నిర్మాణ దశలో ఉన్న ప్రాజెక్టులకు 1 శాతం ప్రొవిజన్ (నష్టం వస్తే అని బ్యాంకు పక్కన పెట్టే మొత్తం), కమర్షియల్ రియల్ ఎస్టేట్‌కు 1.25 శాతం. 2024 ముసాయిదాలో 5 శాతం అనడంతో పరిశ్రమ అంతా హడలిపోయింది, చివరికి బాగా తగ్గించారు. వార్తల్లో ఈ ప్రొవిజన్ల గురించే రాశారు. లాయర్‌గా మీరు చూడాల్సింది వేరే నిబంధన. పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య) ఇన్‌ఫ్రా ప్రాజెక్టు అయితే కనీసం 50 శాతం, మిగతావాటికి కనీసం 75 శాతం భూమి చేతిలో ఉన్నాకే డబ్బు విడుదల చేయాలి. కన్సార్షియంలో మొత్తం ఎక్స్‌పోజర్ (లెండర్లు ఇచ్చే అప్పు) 1,500 కోట్ల దాకా ఉంటే ఒక్కో లెండర్ కనీసం 10 శాతం, అది దాటితే 5 శాతం లేదా 150 కోట్లు, ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. అంటే చిన్న చిన్న వాటాలతో చాలా బ్యాంకులు చేరి, పక్కబ్యాంకు చూసుకుంటుందిలే అనుకునే పద్ధతికి అడ్డుకట్ట పడింది. ప్రతి లెండరూ భూమి గురించి లాయర్‌ను సూటిగా అడగాల్సి వస్తుంది.

మీ టైటిల్ అనుభవానికి విలువ ఇక్కడే.

ముంబైలోని ఒక ఫర్మ్ అనంతపురం సోలార్ ప్రాజెక్టుకు ఎల్‌ఎల్‌సీగా ఉందనుకోండి. లోన్ అగ్రిమెంట్ వాళ్లు అద్భుతంగా రాస్తారు. కానీ వెయ్యి ఎకరాలు, వందలాది సర్వే నంబర్లు, ఒక్కో నంబర్‌కు నలుగురైదుగురు పట్టాదారులు. ఈసీ, 1బీ, అడంగల్, ఆర్‌ఎస్‌ఆర్, ఎఫ్‌ఎంబీ లాంటి భూరికార్డులు పక్కపక్కన పెట్టి చదవడం వాళ్లకు రాదు. ఆ పని స్థానిక అడ్వకేట్‌కు అప్పగిస్తారు. ఆయన ఒక్కో సర్వే నంబర్‌కు ఒక పేజీ రాసి పంపిస్తారు, పై ఫర్మ్ దాన్ని ఒక పట్టికగా మార్చి బ్యాంకుకు ఇస్తుంది. అసైన్డ్ భూమి (పేదలకు ప్రభుత్వం పంచిన భూమి) అన్న మాట ఆ పట్టికలో ఎక్కడో ఒక గడిలో ఉండిపోతుంది. అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం సంగతి, తర్వాత సవరణలతో రెండు రాష్ట్రాల దారులు ఎలా వేరయ్యాయో తెలియని క్రెడిట్ ఆఫీసర్‌కు ఆ మాట అర్థం కాదు. సరిగ్గా సబ్‌స్టేషన్ వచ్చే చోట ఆ నంబర్ ఉంటే ప్రాజెక్టు మొత్తం ఇరుక్కుంటుంది. ఇలాంటి పట్టికలు నా దగ్గరికి వచ్చినప్పుడు నేను మొదట అడిగేది లేఅవుట్ మ్యాప్. ఏ సర్వే నంబర్ మీద ఏం కడుతున్నారో తెలియకుండా టైటిల్ రిపోర్టుకు అర్థం లేదు. ప్యానెల్స్ పరిచే చోట రెండెకరాలు పోతే సర్దుకోవచ్చు, ట్రాన్స్‌మిషన్ లైన్ టవర్ దగ్గరో, లోపలికి వెళ్లే దారిలోనో పోతే సర్దుకోలేం.

22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు), వక్ఫ్, దేవాదాయ భూములు, నాలా కన్వర్షన్ (వ్యవసాయ భూమిని ఇతర వాడకానికి మార్చడం), సీలింగ్, వారసుల్లో సంతకం పెట్టని ఆడపిల్లలు: ఇవన్నీ మీరు రోజూ చూసేవే. రికార్డుల వ్యవస్థ కూడా మారుతూనే ఉంది. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్ని 2024లో రద్దు చేశారు. ప్రతి మార్పులోనూ కొన్ని ఎంట్రీలు పాత రికార్డుతో కలవవు. ఎక్కడ కలవడం లేదో పట్టుకుని, అది ఈ ప్రాజెక్టుకు ఎంత ముఖ్యమో బ్యాంకుకు అర్థమయ్యే భాషలో చెప్పగలిగిన లాయర్లు చాలా తక్కువ. నాకు తెలిసి మార్కెట్‌లో నిజమైన కొరత ఇదే.

లీజు భూములైతే ఇంకో జాగ్రత్త. సోలార్‌లో రైతుల దగ్గర పాతికేళ్లకు పైగా లీజు తీసుకోవడం మామూలే. లీజు డీడ్ రిజిస్టర్ అయిందా, లీజు హక్కును లెండర్‌కు తనఖా పెట్టడానికి రైతు ముందే ఒప్పుకున్నాడా, డెవలపర్ అద్దె కట్టకపోతే లీజు రద్దు చేసే ముందు లెండర్‌కు నోటీసు ఇచ్చే క్లాజ్ ఉందా, లీజు గడువు లోన్ గడువు కంటే ఎక్కువ ఉందా. ఈ నాలుగూ లేకపోతే బ్యాంకు చేతిలో ఉన్న మార్ట్‌గేజ్ కాగితమే. అలాగే టైటిల్ డీడ్స్ డిపాజిట్‌తో చేసే మార్ట్‌గేజ్‌కు ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ 58(ఎఫ్) ప్రకారం డిపాజిట్ నోటిఫై చేసిన పట్టణంలోనే జరగాలి, ఆస్తి ఎక్కడున్నా ఫర్వాలేదు. స్టాంప్ డ్యూటీ రాష్ట్రానికో రకంగా ఉంటుంది కాబట్టి ఏ డాక్యుమెంట్ ఎక్కడ ఎగ్జిక్యూట్ చేయాలన్నది కూడా ముందే ఆలోచించాలి.

భూమి తర్వాత మీరు కూర్చుని నేర్చుకోవాల్సింది కన్సెషన్ అగ్రిమెంట్, పీపీఏ చదవడం. జాతీయ రహదారుల పాత బీఓటీ టోల్ (కట్టి, నడిపి, అప్పగించే పద్ధతి) మోడల్ అగ్రిమెంట్‌లో టెర్మినేషన్ పేమెంట్ (ఒప్పందం రద్దయితే ప్రభుత్వం ఇచ్చే డబ్బు) క్లాజ్ తీసుకోండి. రోడ్డు ప్రారంభమయ్యాక కన్సెషనేర్ (ఆ హక్కు పొందిన కంపెనీ) తప్పుతో ఒప్పందం రద్దయితే బాకీ ఉన్న అప్పులో, ఇన్సూరెన్స్ మినహాయించి, 90 శాతం వస్తుంది. సీఓడీకి (వాణిజ్యపరంగా ప్రారంభమైన తేదీకి) ముందు రద్దయితే అదీ రాదు. ఇక్కడిదాకా అందరూ చదువుతారు. కానీ ఆ బాకీ లెక్క టోటల్ ప్రాజెక్ట్ కాస్ట్ నిర్వచనంతో ముడిపడి ఉంటుంది. ఆ కాస్ట్ అంటే ఫైనాన్షియల్ ప్యాకేజీలో చూపిన ఖర్చు, నిజంగా అయిన ఖర్చు, అగ్రిమెంట్‌లో అథారిటీ (రహదారుల సంస్థ) రాసిన మొత్తం, ఈ మూడింట్లో ఏది తక్కువైతే అది. బ్యాంకు అథారిటీ అంచనా కంటే ఎక్కువ ఖర్చు ఒప్పుకుని దాని మీద అప్పిస్తే, పైన ఇచ్చిన భాగానికి టెర్మినేషన్ పేమెంట్ రక్షణ ఉండదు. ఈ ఒక్క వాక్యం సంగతి క్రెడిట్ కమిటీకి సకాలంలో చెప్తే అప్పు సైజే మారిపోతుంది.

పీపీఏల సంగతి ఆంధ్రప్రదేశే దేశానికి నేర్పింది. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విండ్, సోలార్ టారిఫ్‌లను మళ్లీ బేరమాడటానికి జీఓ ఇచ్చి కమిటీ వేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ జీఓను కొట్టేసింది, కానీ ఏపీఈఆర్‌సీ (రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి) తేల్చేదాకా సోలార్‌కు యూనిట్‌కు 2.44, విండ్‌కు 2.43 రూపాయల మధ్యంతర రేటు చెల్లించమంది. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ దాన్ని పక్కనపెట్టి, పీపీఏ రేటు ప్రకారం బకాయిలు ఆరు వారాల్లో కట్టమంది. గెలిచారు నిజమే, కానీ ఆ రెండున్నరేళ్లూ తక్కువ ఆదాయంతో ప్లాంట్లు లోన్ కిస్తీలు కట్టాలి. డీఎస్‌ఆర్‌ఏలో (కిస్తీల కోసం ముందే ఉంచే రిజర్వ్ ఖాతా) ఎన్ని నెలల కిస్తీలు ఉంచాలి, ఆఫ్‌టేకర్ (కరెంటు కొనే సంస్థ) చెల్లింపు ఆలస్యమైతే ప్రమోటర్ ఎంతవరకు ఆదుకోవాలి అన్న ప్రశ్నల మీద అప్పటినుంచి లెండర్లు గట్టిగా పట్టుబట్టడం చూస్తున్నాను. మీరు ఆ రెండు తీర్పులూ పూర్తిగా చదవండి.

విదేశీ ఫర్మ్‌లు వచ్చి పని లాక్కుంటాయన్న భయం గురించి క్లుప్తంగా. డాలర్ లోన్లు, విదేశీ బాండ్లు ఎలాగూ ఇంగ్లిష్ లా, న్యూయార్క్ లా కింద లండన్, సింగపూర్ ఫర్మ్‌లే చేస్తున్నాయి, ఇండియన్ సెక్యూరిటీ భాగం మాత్రం ఇక్కడి ఫర్మ్‌లు చేస్తాయి. 2018లో ఏకే బాలాజీ కేసులో సుప్రీంకోర్టు విదేశీ లాయర్లు ఇక్కడ ప్రాక్టీస్ చేయకూడదని, అప్పుడప్పుడు వచ్చి సలహా ఇచ్చి వెళ్లవచ్చని చెప్పింది. 2023లో బార్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చి 2025లో సవరించింది. అవి కూడా విదేశీ చట్టం, అంతర్జాతీయ చట్టం మీద సలహాలకే, కోర్టు పనికి కాదు. మీ పనికి వాళ్లతో పోటీ లేదు.

ముంబై వెళ్లాలా అంటే, కొన్నాళ్లు వెళ్లమనే చెప్తాను. లీడ్ బ్యాంకుల ప్రాజెక్ట్ ఫైనాన్స్ విభాగాలు, ట్రస్టీ కంపెనీలు, పెద్ద ఫర్మ్‌ల టీమ్‌లు అక్కడే గుమిగూడి ఉన్నాయి. ఒక లోన్ డీల్ మొదటినుంచి చివరిదాకా ఎలా నడుస్తుందో అక్కడ చూసినట్టు ఇంకెక్కడా చూడలేరు. హైదరాబాద్‌లో ఆఫీసులున్న జాతీయ ఫర్మ్‌లూ ఉన్నాయి కాబట్టి ముందు అక్కడ ప్రయత్నించండి. కానీ ఇంటర్వ్యూలో టైటిల్ ఒపీనియన్లు రాసేవాడినని చిన్నబోతూ చెప్పకండి. కార్పొరేట్ టీమ్‌లో ఐదేళ్లు చేసిన అసోసియేట్‌కు కూడా ఒక పాస్‌బుక్, ఒక ఈసీ పక్కపక్కన పెట్టి తేడా చెప్పడం రాదు. మీకు వచ్చు. మీరు రాసిన ఒపీనియన్లలో క్లిష్టమైనవి మూడో నాలుగో ఎంచుకుని, పేర్లు, గుర్తులు తీసేసి, సమస్య ఏమిటో, ఎలా తేల్చారో ఒక్కో పేజీలో రాసి తీసుకెళ్లండి.

జీతం గురించి కూడా ఒక మాట. పెద్ద ఫర్మ్‌లో మొదట్లో వచ్చేది మీ ప్యానెల్ ఆదాయం కంటే మెరుగ్గానే ఉంటుంది, కానీ ముంబై అద్దెలు, పని గంటలు లెక్కలో వేసుకోండి. మధ్యస్థాయి ఫర్మ్‌లో చేరితే జీతం తక్కువైనా బాధ్యత త్వరగా చేతికొస్తుంది. నేనైతే రెండోదానికే మొగ్గుతాను. ప్యానెల్‌లో పేరు మాత్రం తీయించుకోవద్దు. ఉద్యోగంలో చేరితే బార్ కౌన్సిల్ నియమాలు, ఫర్మ్ షరతులు ఏం చెప్తున్నాయో చూసుకుని, వీలైతే మీ చాంబర్‌లోని సీనియర్‌తో మాట్లాడి ఆ ఫైళ్లు వాళ్ల పేరు మీద కొనసాగేలా చేసుకోండి. తిరిగి వచ్చాక కాకతీయ, ఉస్మానియా నుంచి వచ్చే కొత్త పిల్లలతో సొంతంగా ప్రాజెక్ట్ ల్యాండ్ డ్యూ డిలిజెన్స్ టీమ్ పెట్టుకోవాలంటే ఆ ఫైళ్లు, ఆ బ్రాంచ్ పరిచయాలు అవసరమవుతాయి.

ఈలోగా జాతీయ రహదారుల సంస్థ ప్రచురించిన హైబ్రిడ్ యాన్యుటీ మోడల్ కన్సెషన్ అగ్రిమెంట్ తీసుకుని, దానికి జతచేసిన ఎస్క్రో (డబ్బు ముందే రాసిన క్రమంలో చెల్లించే ఖాతా), సబ్‌స్టిట్యూషన్ అగ్రిమెంట్ల షెడ్యూళ్లతో సహా చదవండి. చదివేటప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టుకుని, కన్సెషనేర్ ఫలానా తప్పు చేస్తే లెండర్‌కు ఎన్ని రోజుల్లో నోటీసు వస్తుంది, ఎన్ని రోజుల్లో ఇంకో కంపెనీని తేగలడు, ఈలోపు ఎస్క్రోలో డబ్బు ఎవరికి ముందు వెళ్తుంది అన్నవి రాసుకోండి. ఎక్కడ ఆగిపోయారో ఇక్కడే రాయండి, క్లాజ్ నంబర్ పెట్టి అడిగితే జవాబు చెప్తాను.